సురటిలో పాడిన తప్పు పేరు

"పేరు సెప్పబ్బా," అంది ఆమె, కంచు తాళాలు ఒళ్ళో పెట్టుకుని.

"ఎవరి పేరమ్మా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఈ మిషనుకు, ఈ టేపులకు, ఈ మద్రాసాయన బాడుగకు దుడ్డిచ్చిన మారాజు పేరు. ఇంగెవురి పేరు? నీ పేరు నాకెందుకు?"

అది పాకాలలో ఒక సినిమా హాలు. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం. పొద్దున పదకొండున్నర దాటింది. తెర ముందు పరిచిన జంపఖానా మీద డెబ్బయ్యేళ్ళ పాటగత్తె కూర్చుని ఉంది. ఆమె మెడ మీద నిమ్మకాయంత గడ్డ. పక్కన మృదంగంతో ఆమె చెల్లెలి కొడుకు. ఎదురుగా మైకు. కాస్త దూరంలో మద్రాసు నుంచి వచ్చిన రికార్డింగు ఆయన, చెవులకు డిప్పలు తగిలించుకుని ఒక కన్ను తిరుగుతున్న టేపు మీద, ఇంకో కన్ను నా మీద వేసి ఉన్నాడు. అది చివరి చుట్ట. అందులో మిగిలింది పది నిమిషాల టేపు. హాలు తలుపు బయట మ్యాట్నీ జనం అప్పుడే పోగవుతున్నారు.

"ఆయన పేరు చెప్పొద్దన్నాడమ్మా. నేను మాటిచ్చాను."

"వద్దంటే? పేరు పాడకుండా మంగళం యాట్ల పాడేది? మా నాయన పాడలా, నేను పాడను. ఇచ్చినాయన పేరు సభలో పాడి, సల్లగుండమని దీవించినాకనే మంగళం. లేకుంటే కథ మూతపడదు."

"ఈ ఒక్కసారికి వదిలేద్దాం."

"సూడు నాయనా. ఇంగ నాలుగు దినాల్లో నా గొంతు మీద కత్తి పెడతారంట. కథ ముయ్యకుండా కత్తి కిందికి పోతానా నేను?"

"సార్, టేపు పోతా ఉంది సార్," అన్నాడు మద్రాసాయన.

అప్పటికి నేను పదమూడేళ్ళుగా విలేకరిని. ఎందరి నోళ్ళ నుంచో పేర్లు రాబట్టినవాణ్ణి. ఒక మనిషి నోటి నుంచి పేరు రాబట్టడం ఎంత తేలికో ఆ క్షణం నా నోటి మీదే తెలిసింది. పేరొకటి బయటికి వచ్చేసింది. అయితే అది దాత పేరు కాదు. తిరుపతిలో మా బ్యూరోకు పెద్దగా ఉండే ఆయన పేరు.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, మీ చేతి మీదుగా పోయిన అతి పెద్ద తప్పు వార్త ఏది సార్ అని అడుగుతుంటారు. ఏ ఎన్నికల ఫలితమో, ఏ మరణవార్తో చెబుతాననుకుంటారు. అది పేపర్లో రాలేదు నాయనా, సురటి రాగంలో వచ్చింది అంటే నవ్వి ఊరుకుంటారు. అందుకే మొత్తం రాస్తున్నాను.

ఆ పెద్దావిడ తండ్రి ఒకప్పుడు మా వైపు పేరున్న యక్షగాన మేళానికి పెద్ద. వేటకొచ్చిన దేవుడికీ అడవి పిల్లకీ పెళ్ళయ్యే కథ వాళ్ళ ఇంటి సొత్తు. పద్యాలు, దరువులు, కీర్తనలు అన్నీ కలిపి రెండు పూటలు పాడితే గాని పూర్తికాదు. కాగితం మీద ఒక్క అక్షరం లేదు. తండ్రి పోయాక, మేళం చెదిరాక, ఆ కథంతా మొదటి నుంచి చివరి దాకా ఒక్క గొంతులోనే మిగిలింది. ఆ గొంతులోనే గడ్డ లేచింది.

వేలూరులో ఆపరేషన్‌కు రోజు పెట్టారు. ప్రాణానికి భయం లేదు, గొంతు మాత్రం ఎలా ఉంటుందో చెప్పలేం అన్నారు డాక్టర్లు. ఈ సంగతి ఆమె చెల్లెలి కొడుకు నాకు పాకాల స్టేషన్‌లో చెప్పాడు. అతను రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. చేతిలో ఎర్ర జెండా, పచ్చ జెండా, చంకలో మృదంగం లేని లోటు మొహం మీద. "మా పెద్దమ్మ గొంతు పోతే పోనీ సార్. దాంట్లో ఉండే కథ పోకూడదు," అన్నాడు. నేను అప్పుడు చిత్తూరు విలేకరిని. పాకాల నా పరిధిలోదే. వెంటనే వార్త రాశాను. వార్త చదివి ఎవరో ఒకరు ముందుకొస్తారనుకున్నాను.

వచ్చారు, కాదనను. ఒక హోటల్ యజమాని, మధ్య మధ్యలో తన హోటల్ దోసె గురించి ఆమె రెండు ముక్కలు పాడితే మొత్తం ఖర్చు తనదే అన్నాడు. ఒక నాయకుడు క్యాసెట్ పెట్టె మీద తన బొమ్మ ఉండాలన్నాడు. ఆమె బొమ్మ ఎక్కడ వేద్దామని అడిగితే, "లోపల స్థలం ఉంటుంది గదా," అన్నాడు. మద్రాసులో కళలకు సాయం చేసే ఒక ధర్మసంస్థకు ఉత్తరం రాస్తే ఫారం పంపారు. అందులో గురువు ఇచ్చిన ధ్రువపత్రం జతచేయమని ఉంది. ఆ మాట చెబితే ఆమె పకపకా నవ్వింది. "మా నాయన యేలిముద్రగాడు. నా ఈపు మీద బెత్తం ఆనవాలుండాది. ఫొటో తీసి పంపు," అంది.

ఆపరేషన్ పది రోజుల్లోకి వచ్చిన తర్వాత ఒక సాయంత్రం నాకు చిత్తూరు బెల్లం మండీ నుంచి కబురొచ్చింది. పంపిన సాహుకారు ఎవరికీ పైసా ఇవ్వడని జిల్లా అంతా పేరున్న మనిషి. గుడి చందాలకు వచ్చినవాళ్ళకు బెల్లం ముక్క చేతిలో పెట్టి, నోట్లో వేసుకున్నాక ఇక మాట్లాడలేరు గదా అని పంపేసేవాడు. నాకూ ముక్క పెట్టాడు. నేను నోట్లో వేసుకోకుండా చేతిలోనే పట్టుకున్నాను.

"తెలివైనోడివప్పా," అన్నాడు. "ఆయమ్మ పాటకు ఎంతయితాదో సెప్పు."

చెప్పాను. ఆయన బేరం ఆడలేదు. అది చూసి ఈయనకు ఒంట్లో బాగాలేదేమో అనిపించింది నాకు.

"మిషను బాడుగ, టేపులు, మనిషి ఖర్చు ఇప్పుడిస్తా. క్యాసెట్లు తీసి పంచేదానికి తర్వాత ఇస్తా. ఒగటే మాట. నా పేరు యాడా రాకూడదు. నీ పేపర్లో గాదు, క్యాసెట్ మీద గాదు, ఆయమ్మ చెవిలో గూడా పడకూడదు. పడిందా, రెండోది లేదు."

"ఎందుకండీ?"

"ఎందుకా? ఈడ ఒక్కసారి ఇచ్చినానని తెలిస్తే రేపు పొద్దున ఈ మండీ ముందర క్రికెట్టోళ్ళు, కోలాటమోళ్ళు, కుస్తీలోళ్ళు పడిగాపులుంటారు. ముప్పయ్యేండ్లు కష్టపడి సంపాదించుకున్న పేరప్పా ఇది, ఇయ్యడని. దాన్ని ఒక్క దినంలో పోగొట్టుకోమంటావా?"

ఆయన మరీ అంత గంభీరంగా అనేసరికి నేను నవ్వు ఆపుకోలేక బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. మాటిచ్చాను. లేచేటప్పుడు ఆయన, నా వైపు చూడకుండా, "చిన్నప్పుడు వాళ్ళ నాయన మేళం వెనకాల మూడూర్లు నడిచినాను," అన్నాడు. అంతే.

పాకాల సినిమా హాలును దాని యజమాని ఉచితంగా ఇచ్చాడు, రెండు రోజులు, మ్యాట్నీ ముందు దాకా. గోడలకు కొబ్బరి పీచు అట్టలు ఉండడంతో మోత తక్కువ. తీరా చూస్తే పాకాల జంక్షన్. బండి వచ్చినా కూతే, పోయినా కూతే, ఊరికే నిలబడినా కూతే. మద్రాసాయన మొదటి గంటలోనే తల పట్టుకున్నాడు. మమ్మల్ని ఆదుకున్నవాడు మృదంగం వాయించే పాయింట్స్‌మనే. అతనికి బండ్ల వేళలన్నీ నాలుక చివర ఉంటాయి. వేళ ప్రకారం రాని బండ్లు ఎంత ఆలస్యంగా వస్తాయో కూడా తెలుసు.

"పెద్దమ్మా, కల్యాణి ఎత్తుకో. పద్నాలుగు నిమిషాలుండాది. అంతలోపల అడవిపిల్ల నీళ్ళకు పోయొచ్చేయాల."

ఆమె పాడేది. పదమూడో నిమిషంలో అడవిపిల్ల కడవ దించేది. పద్నాలుగో నిమిషంలో కాట్పాడి బండి కూసేది. మద్రాసాయన చెవుల డిప్పలు తీసేసి చప్పట్లు కొట్టేవాడు. రెండో రోజుకల్లా ఆమెకు కూడా వేళలు ఒంటబట్టాయి. "ధర్మవరం బండి దాటనియ్యండబ్బా, అప్పుడు పెండ్లికొడుకును దింపుతా," అని తనే అనేది. నా జీవితంలో అంత నవ్విన రెండు రోజులు మళ్ళీ లేవు. ఆమె గొంతు గురించి నేను ఎక్కువ రాయలేను, సంగీతం తెలిసినవాణ్ణి కాదు. ఒకటి మాత్రం చెప్పగలను. పెళ్ళి పాట పాడుతుంటే హాలు వెనక కూర్చుని ఉన్న గేటు మనిషి ముందుకు వచ్చి అక్షింతలు వెతుక్కున్నాడు.

అలా కథంతా అయిపోయి మంగళం దగ్గర ఆగింది. అక్కడే ఆమె పేరు అడిగింది.

మా బ్యూరో పెద్దాయన పేరే నా నోట్లోకి ఎందుకు వచ్చిందని చాలామంది అడిగారు, ఆయనతో సహా. అప్పట్లో మేం రోజూ వార్తలన్నీ ఒక కవర్లో పెట్టి, పైన బ్యూరో పెద్ద పేరు రాసి, తిరుపతి పోయే బస్సు డ్రైవర్ చేతికిచ్చేవాళ్ళం. పదమూడేళ్ళుగా ప్రతిరోజూ నా చేయి రాసిన పేరు ప్రపంచంలో అదొక్కటే. తొందరలో ఏ పేరైనా చెప్పమంటే అది తప్ప ఇంకేం వస్తుంది?

"ఊరు?" అంది ఆమె.

"తిరుపతి."

తాళాలు లేచాయి. మృదంగం అందుకుంది. సురటిలో ఆమె ఆ పేరును ఎత్తుకున్న తీరు వింటే రాజులు కూడా కుళ్ళుకుంటారు. పేరులోని ఒక్కొక్క అక్షరాన్ని నిలబెట్టి, ఊపి, పైకి పంపి, దించింది. దానధర్మములు చేసిన దొర అంది. తిరుపతి పురములో వెలసిన పుణ్యుడు అంది. అక్కడితో ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. బంగారు గాజుల భార్యతో, ముత్యాల వంటి బిడ్డలతో సుఖముగ వర్ధిల్లు అంది.

నేను గుండెలు బాదుకున్నంత పనిచేశాను. మా పెద్దాయన నలభై ఐదేళ్ళ బ్రహ్మచారి. చేతులు ఊపాను, తల ఊపాను, వేళ్ళతో లేదు లేదు అన్నాను. ఆమె నా సైగలు చూసి, బిడ్డలు చాలలేదంటున్నాననుకుందేమో, ముత్యాల వంటి బిడ్డలను ఇంకో రెండుసార్లు పాడింది. తర్వాత మంగళం. మంగళం చివరి తాళానికి టేపు చుట్టలో నుంచి జారి టపటపమంటూ తిరిగింది. తలుపు అవతల జనం మ్యాట్నీ కోసం ఈలలు వేశారు.

మద్రాసాయన నిలబడి ఆమెకు నమస్కారం పెట్టాడు. "అమ్మా, ఒక్క కూత పడలేదమ్మా," అన్నాడు కళ్ళనీళ్ళతో.

కథ మూతపడింది. నాలుగు రోజుల తర్వాత ఆమె వేలూరు వెళ్ళింది.

నేను చిత్తూరు వెళ్ళి సాహుకారుకు చెప్పాను. "మీ పేరు రాలేదండీ." అది పచ్చి నిజం. ఆయన సంతోషించి రెండో విడత ఇచ్చాడు. క్యాసెట్లు తయారయ్యాయి. ఆ పేరు ముక్క కత్తిరించమని మద్రాసాయనను అడిగాను. రాగం మధ్యలో, తాళం మధ్యలో ఉంది, కత్తిరిస్తే మంగళం కుంటుతుంది, నా చేత్తో ఆ పని చెయ్యను అన్నాడు. ఎవరు వింటార్లే చివరిదాకా అనుకున్నాను. పెద్ద వార్తల్లో చివరి పేరా ఎవరూ చదవరన్న అనుభవం అది. పాటకు అది వర్తించదని నాకు తెలియదు.

అందరూ చివరిదాకా విన్నారు. తిరుపతి బస్టాండు ఎదుట టీ అంగడిలో పొద్దునా సాయంత్రం ఆ క్యాసెట్టే. మా పెద్దాయన ఒక రోజు టీ తాగుతూ తన పేరు సురటిలో విని గ్లాసు వదిలేశాడు. ఆయన కృష్ణా జిల్లా మనిషి. వార్తల విషయంలో మమ్మల్ని కాల్చుకుతినేవాడు. ఏం రాసి ఇచ్చినా, కళ్ళజోడు పైనుంచి చూసి, "ధ్రువీకరించుకున్నావా?" అనేవాడు. గుంటూరు నుంచి తెప్పించుకున్న ఆవకాయ మీద కూడా అదే ప్రశ్న వేసేవాడని మా మధ్య జోకు. అలాంటి మనిషికి టీ అంగడి ఆయన లేచి దండం పెట్టాడు.

ఆ వారం మా బ్యూరో మెట్ల మీద జనం. భజన మందిరానికి హార్మోనియం కావాలనేవాళ్ళు, కుస్తీ పోటీలకు కప్పు కావాలనేవాళ్ళు, నాటకాలకు తెర కావాలనేవాళ్ళు. సాహుకారు దేని గురించి భయపడ్డాడో అదంతా అచ్చంగా మా పెద్దాయన గడపలోకి వచ్చి కూర్చుంది. నన్ను తిరుపతికి పిలిపించాడు.

"ఏమయ్యా, ఈ పేరు నువ్వే చెప్పావా?"

"నేనే సార్."

"ధ్రువీకరించుకున్నావా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పేపర్లో తప్పు పడితే రేపు సవరణ వేస్తాం. టేపులో పడితే ఎక్కడ వేస్తావు? రాగంలో సవరణ ఎలా ఉంటుందో పాడు, వింటాను."

అసలు దాత ఎవరని ఆయన అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణో లేదో. మాట ఇచ్చిన విలేకరిని ఆ సంగతి అడగకూడదని ఆయనే మాకు నేర్పింది.

అసలు చిక్కు ఆ మర్నాడు వచ్చింది. మా పెద్దాయనకు అన్నేళ్ళకు ఒక సంబంధం కుదరబోతోంది. రేణిగుంటలో గిడ్డంగుల ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన కూతురు. స్కూలు టీచరు, నలభైకి దగ్గర. ఆ తండ్రి తన ఇంటి టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని ఆఫీసుకు వచ్చి, దాన్ని పెద్దాయన బల్ల మీద పెట్టి, మీట నొక్కాడు. బంగారు గాజుల భార్య, ముత్యాల వంటి బిడ్డలు. మీట ఆపాడు.

"ఇదేంది సార్? మీకు పెండ్లయి బిడ్డలుండారంట గదా. పాటలో ఉండాది."

"పాటలో ఉంటే నిజమా అండీ?"

"పేపర్లో ఉంటే నిజమని మీరే గదా సార్ మాకు అలవాటు చేసింది?"

నేను అక్కడే ఉన్నాను. జరిగిందంతా చెప్పాను, దాత పేరు తప్ప. ఆ తండ్రి నమ్మలేదు. దాతే కాని మనిషిని దాత అని అంతసేపు పాడతారా అన్నాడు. పాకాలకు కబురు పంపితే పాయింట్స్‌మన్ డ్యూటీ దిగీదిగగానే బస్సెక్కి వచ్చాడు, జెండాలు చంకలోనే ఉన్నాయి. "మా పెద్దమ్మ ఎవురిని దీవించినా అట్లే పాడుతాది సార్. సన్నాసులను గూడా పెండ్లాంబిడ్డలతో సల్లగుండమనింది, మా ఊరి మఠంలో పెద్ద గొడవ," అన్నాడు. ఆ మాటతో టీచరు తండ్రి నవ్వాడు. టీచరమ్మ అయితే మొదటి నుంచీ నవ్వుతూనే ఉందట. పాటలో బంగారు గాజులని ఉంది కాబట్టి గాజులు మాత్రం తప్పకుండా పెట్టాలని కబురు పంపింది. పెళ్ళయింది. రెండేళ్ళు తిరగకముందే వాళ్ళకు కవలలు.

కవలల వార్త చిత్తూరు చేరిన రోజున సాహుకారు నన్ను మళ్ళీ మండీకి పిలిపించాడు. ఈసారి బెల్లం లేదు.

"ఏమప్పా, నేను నా పేరు వద్దన్నా. నిజమే. ఇంగొకని పేరు పెట్టమని సెప్పినానా?"

"లేదండీ."

"నా దుడ్డుకు ఆయప్పకు కవలలా!"

నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను. ఆయన కూతురికి పెళ్ళై తొమ్మిదేళ్ళు. బిడ్డలు లేరు. అది ఆయన చెప్పలేదు, మండీ గుమాస్తా తర్వాత చెప్పాడు. ఆయన చెప్పింది ఇంతే. "క్యాసెట్టు దినామూ వింటా ఉండా. ఆ పేరు కాడికొస్తే నిలిపేస్తా. మంగళం ఇనలేకపోతా ఉండా. నన్ను ఆయమ్మ కాడికి తీసకపో."

ఆపరేషన్ తర్వాత ఆమె పాకాలలోనే, చెల్లెలి కొడుకు రైల్వే క్వార్టర్లో ఉంటోంది. మాట బాగుంది. గొంతు కింది స్థాయిలో పలుకుతోంది, పైకి పోవడం లేదు. సాహుకారు తనే ఆ దాతనని చెప్పుకున్నాడు. ఆమె ఆయనను కింది నుంచి పైదాకా చూసింది.

"మీరా? మీరు ఇచ్చినారా?" అని, నా వైపు తిరిగి, "ఆ పొద్దు ఒక పేరు సెప్పినావు. ఈ పొద్దు ఇంగొకరిని పిలుసుకొచ్చినావు. ఏదబ్బా నిజం?" అంది.

"ఇదే నిజమమ్మా."

"అదీ అట్లే సెప్పినావు గదా."

నా వృత్తిలో నేను తిన్న దెబ్బల్లో అదే గట్టిది. సాహుకారు నన్ను కాపాడాడు. ఆమె తండ్రి మేళం ఏ ఊళ్ళో ఏ ఇంటి ముందు దిగిందో, అడవిపిల్ల వేషం కట్టినాయన మీసం కనబడకుండా ఏం పూసుకున్నాడో అన్నీ చెప్పాడు. ఆమె మెల్లగా నవ్వింది. "నిజమేలే. ఆ మీసం సంగతి నాకూ, మా నాయనకు తప్ప తెలవదు. దగ్గరగా కూసున్నోళ్ళే మీరు."

"అయితే పాడమ్మా. నా పేరుతో. ఒక్కసారి."

"పాడతా. కథ మళ్ళా తెరిసే ఓపిక లేదు. దీవెన మటుకు పాడతా."

"తలుపు మూసి పాడు తల్లీ. వీధిలో ఇనపడకూడదు."

ఆమె తాళాలు పక్కన పెట్టేసింది. "తలుపు మూసి పాడితే అది దీవెనా? గుసగుస. నలుగురు ఇనాల. అట్లయితేనే తగుల్తాది. మీరే సూసుకోండి, పేరు దాసుకుంటారో, దీవెన తీసుకుంటారో."

నాకు ఆయన మొహంలో మండీ ముందు క్రికెట్టోళ్ళు, కోలాటమోళ్ళు వరసలు కట్టడం కనబడింది. ముప్పయ్యేళ్ళ పేరు. తర్వాత లేచి ఆయనే వెళ్ళి తలుపు బార్లా తెరిచాడు. కిటికీ కూడా. క్వార్టర్ల ఆడవాళ్ళు, డ్యూటీ దిగిన గార్డులు, ఎవరెవరో వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. పాయింట్స్‌మన్ మృదంగం తీశాడు.

ఆమె వెంటనే ఎత్తుకోలేదు. సురటిలో ఊరికే కూనిరాగం తీస్తూ, నీళ్ళు తాగుతూ, తాళాలు సర్దుకుంటూ కాలం గడిపింది. ఒకసారి చెల్లెలి కొడుకు వైపు చూసింది. అతను కిటికీ వైపు చూశాడు. అప్పుడు మొదలుపెట్టింది. గొంతు సన్నగా, కింది స్థాయిలోనే. దానధర్మములు చేసిన దొర అంది. చిత్తూరు పురములో వెలసిన పుణ్యుడు అంది. పేరు దగ్గరికి వచ్చింది. సరిగ్గా అప్పుడు ధర్మవరం బండి క్వార్టర్ల వెనక నుంచి కూత పెట్టింది. పెట్టిన కూత ఆపలేదు, ఇల్లంతా అదిరిపోయింది. ఆమె పెదవులు కదలడం చూశాను. పేరు ఎవరికీ వినబడలేదు. కూత ఆగేసరికి ఆమె ముత్యాల వంటి బిడ్డల దగ్గర ఉంది, కూతురి బిడ్డలు, వాళ్ళ బిడ్డలు అని కలుపుకుంటూ. కూతురి సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పలేదు, ఆయన చెప్పడం నేను వినలేదు.

బయటికి వచ్చాక సాహుకారు గుమ్మం దగ్గర నిలబడినవాళ్ళను చూసి, నా చెవిలో అడిగాడు. "ఎవురికన్నా ఇనపడిందా?"

"లేదండీ."

"నాకు ఇనపడింది," అన్నాడు. బస్టాండు దాకా నడుస్తూ ఆయన సురటి కూనిరాగం తీశాడు. శ్రుతి లేదు. నేను వినలేనట్టు మొహం పెట్టినా ఆపలేదు. బస్సెక్కేముందు మళ్ళీ గుర్తు చేశాడు. "నీ నోటితో మటుకు సెప్పొద్దు. మాటంటే మాటే."

ఆ రోజు టేపు లేదు, మిషను లేదు. మద్రాసాయన మద్రాసులో ఉన్నాడు. సరైన పేరు గాలిలో పోయింది. తప్పు పేరు టేపులో భద్రంగా ఉంది. ఆ బండి కోసమే ఆమె కాలం గడిపిందా అని పాయింట్స్‌మన్‌ను ఎన్నిసార్లో అడిగాను. "ధర్మవరం బండి ఆ పొద్దు పద్దెనిమిది నిమిషాలు లేటు సార్," అనేవాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు.

ఆమె పోయింది. సాహుకారు పోయాడు, ఎవరికీ ఏమీ ఇవ్వడన్న పేరు చెక్కుచెదరకుండానే. మా పెద్దాయన విజయవాడలో మనవలతో ఉన్నాడు. కొన్నేళ్ళ కింద ఒక సంగీత గ్రంథాలయం వాళ్ళు ఆ పాత చుట్టలను శుభ్రం చేయించి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, వివరాల కోసం నాకొక ఫారం పంపారు. పాడినవారు, వాద్యం, రాగాలు, చోటు, అన్నీ రాశాను. ఒక గడి దగ్గర ఆగాను. ఈ రికార్డింగుకు ధనసహాయం చేసినవారి పేరు. మా పెద్దాయనకు ఫోన్ చేశాను.

"నా పేరు మాత్రం రాయకు. అది ధ్రువీకరించని వార్త," అన్నాడు.

ఇంకో పేరు నాకు తెలుసు. ఇక బయటపెట్టొచ్చని నాకు చెప్పాల్సిన మనిషి, చెప్పకుండానే పోయాడు. ఫారం మూడేళ్ళుగా నా బల్ల మీద ఉంది. ఆ ఒక్క గడి ఖాళీ.